ఆమేన్ గుట్ట మీద ఆమేన్ ఎందుకు అనరు

నల్లగుండ్లపాడు స్టేజీ దగ్గర బస్సు దిగి, పొగాకు కాల్చే బేరన్లు దాటి, వాగు వెంబడి తూర్పుకు నడిస్తే ఆమేన్ గుట్ట కనబడుతుంది. పెద్ద ఎత్తేమీ కాదు. పైన చెట్టన్నది లేదు, నెత్తి గొరిగినట్టు నున్నటి పరుపుబండ. బండ మధ్యలో ఇనుప సిలువ, సిలువ పాదం దగ్గర రెండు దోసిళ్ళ లోతున నీళ్ళు నిలిచే రాతిదొన. కప్పు లేదు, గోడ లేదు, గంట లేదు. కట్టిస్తామని ముందుకొచ్చిన వాళ్ళు లేకపోలేదు, పల్లెవాళ్ళే వద్దన్నారు. బండ పొడుగునా ఉన్నవి కుండలే. వందలాది ఖాళీ మట్టికుండలు, అన్నీ నోరు తెరుచుకుని ఆకాశాన్ని నిలదీస్తున్నట్టు ఉంటాయి.

మొదటిసారి వచ్చిన యాత్రికులకు ఇక్కడి ఆచారం కొంచెం కొరుకుడు పడదు. ఈ గుట్ట మీద ఎవరూ మోకరించరు, నిలబడే ప్రార్థిస్తారు. గొంతు తగ్గించుకోమని ఎవరూ చెప్పరు. ఏడ్చేవాళ్ళు ఏడుస్తారు, అరిచేవాళ్ళు అరుస్తారు. అన్నిటికన్నా వింత, ప్రార్థన చివర ఆమేన్ అనరు. చెప్పవలసింది చెప్పి, తెచ్చిన కుండను బండ మీద పెట్టి, మాట సగంలో తెంచినట్టు దిగిపోతారు. ఆ మాట పలకని చోటుకు ఆ మాటే పేరు ఎలా వచ్చిందో తెలియాలంటే ఎలీసమ్మ కోపం గురించి తెలియాలి.

పూర్వం ఇక్కడ సిలువ లేదు, కుండలూ లేవు. గుట్ట కింద మాదిగపల్లె ఉండేది, వాగుకు ఆవల ఊరు ఉండేది. ఊరికీ పల్లెకూ కలిపి ఎండాకాలంలో ఎండని బావి ఒక్కటే, అది మునసబు తమలపాకు తోటలోని మోటబావి. ఆ బావిలోకి దిగి నీళ్ళు మోసుకొచ్చే తోలు బానను కుట్టేది పల్లెలోని ఇస్సాకు. అతని చేతి కుట్టు మీద నమ్మకంతో చుట్టుపక్కల మోటలన్నీ నడిచేవి. ఇస్సాకు భార్య ఎలీసమ్మ మాత్రం తన కుండను ఆ బావిలో ముంచడానికి లేదు. పల్లె ఆడవాళ్ళు తోట కంచె బయట నిలబడితే, పాలేరు పైనుంచి, కుండకు కుండ తగలకుండా, ధారగా పోసేవాడు. సగం కుండలో పడేది, సగం మట్టిలో పడేది. మట్టిలో పడిన నీళ్ళను చూస్తే ఎలీసమ్మకు ఒళ్ళు మండేది. కానీ పోసేవాడు పోస్తున్నాడు గదా అని పళ్ళబిగువున ఓర్చుకునేది.

ఆ రోజుల్లోనే పల్లె అంతా యేసు మార్గంలో చేరింది. దేవవరం అనే ఉపదేశి వారానికొకసారి కాలినడకన వచ్చి, గుట్ట మీద పరుపుబండనే గుడి చేసి, ఆరాధన జరిపేవాడు. మంచివాడే, కాస్త భయస్తుడు. కొత్తగా చేరిన వాళ్ళకు ప్రార్థన మర్యాదలు నేర్పడానికి నానా తంటాలు పడ్డాడు. ఒక ఆదివారం ప్రార్థన సగంలో ఉండగా పల్లె పెద్ద పిచ్చయ్య తన మేక చేలో పడిందని లేచి పరుగెత్తాడు. ఉపదేశికి ఎక్కడ లేని కోపం వచ్చింది.

"ఆమేన్ అనేదాకా ప్రార్థన అయిపోయినట్టు కాదు! ఆమేన్ లేకుండా లేచినవాడు దేవుడి గుమ్మంలో నిలబడి ఆయనకు వీపు చూపించినవాడు. మేక పోతే పోనియ్యి, నీ ఆత్మ పోతే ఎవడు తోలుకొస్తాడు?" అన్నాడు.

పిచ్చయ్యకు ఆ మాట గుండెలో మేకులా దిగింది. ఆనాటి నుంచి ప్రార్థన మధ్యలో కాలు మీద తేలు పాకినా కదిలేవాడు కాదు, ఇంకొకరిని కదలనిచ్చేవాడూ కాదు.

గొడవ ఒక ఆదివారం మొదలైంది. మునసబు పెరట్లో ఎద్దు చచ్చింది. ఎత్తుకుపొమ్మని కబురొచ్చింది. ఈ రోజు దేవుడి దినం, తెల్లారి వచ్చి ఎత్తుతాం అని పల్లెవాళ్ళు తిరుగు కబురు చేశారు. అంతే. పల్లెకు నీళ్ళు పొయ్యొద్దని మునసబు పాలేళ్ళకు చెప్పాడు. "దేవుడి దినం ఉన్నోళ్ళకు దేవుడి నీళ్ళు కూడా ఉంటాయిలే, తాగమను" అన్నాడట.

పల్లెకు మిగిలింది వాగులో తవ్విన చెలమ. గేదెలు పొర్లే చోటు అది. ఇసుకలోంచి ఊరే పచ్చటి నీళ్ళను గుడ్డలో వడగట్టి తాగారు. వారం తిరిగేలోపు పల్లెలో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎలీసమ్మ పెద్దకూతురు పేరు సంతోషం. పేరుకు తగ్గట్టు ఊరికే నవ్వే పిల్ల. ఆ పిల్ల రెండు పూటల్లో ఎండిన ఆకులా అయిపోయి, నీళ్ళో నీళ్ళో అంటూ తల్లి ఒళ్ళోనే పోయింది. బావి అక్కడే ఉంది. మోట కిర్రుమంటున్న చప్పుడు ఆ ఒళ్ళోకి వినబడుతూనే ఉంది.

సంతోషాన్ని మట్టి చేసి వచ్చేసరికి చిన్నది, దయామణి, వాంతి చేసుకుంది.

ఆ తరువాతి ఆదివారం పల్లె మొత్తం గుట్ట ఎక్కింది. ఉపదేశి కళ్ళు తుడుచుకుంటూ ఓపిక గురించి చెప్పాడు. వంచిన తల దేవుడికి ఇష్టమన్నాడు. చివరికి, బిడ్డను పోగొట్టుకున్న తల్లి చేత ప్రార్థన చేయిస్తే ఆమె గుండె కుదుటపడుతుందని తలచి, "ఎలీసమ్మా, ముగింపు ప్రార్థన నువ్వు చెయ్యమ్మా" అన్నాడు.

అందరూ మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నారు. ఎలీసమ్మ మాత్రం లేచి నిలబడింది. భుజాన దయామణి, నిప్పుకణికలా కాలిపోతోంది.

"తండ్రీ, నువ్వు విన్నా వినకపోయినా చెబుతున్నా. నా బిడ్డ పాలు అడగలా, బెల్లం అడగలా. నీళ్ళడిగింది. నా మొగుడు కుట్టిన తోలు పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ బావిలో మునుగుద్ది. చచ్చిన గొడ్డు తోలుకు లేని మైల నా కుండకు ఏడ నుంచి వచ్చింది? ఇది నీకు కనపడతందా, లేదా? కనపడతా ఉంటే ఊరుకున్నావేంది? కనపడకపోతే నువ్వు దేవుడివేంది? ఓపిక ఇయ్యమని నేను అడగను. ఓపిక నా కాడ శానా ఉంది, అదే మా కొంప ముంచింది. ఆ బావిలో మా కుండ మా చేత్తో ముంచుకోవాలి. అదీ నాకు కావాల్సింది."

అని ఊరుకుంది.

అందరూ ఆమేన్ కోసం ఎదురుచూశారు. గాలి వీస్తోంది, బండ వేడెక్కుతోంది. ఉపదేశి ఒక కన్ను తెరిచి, "ఆమేన్ అనమ్మా" అని మెల్లగా అందించాడు.

"అనను."

"ఎలీసమ్మా!"

"అట్నే జరుగుగాక అనే గదయ్యగారూ ఆ మాటకు అర్థం? మీరే చెప్పారు. జరిగినాక అంటాను. జరగకముందే ముద్దరేసి ఇంటికి పోతే, ఆయన కూడా దులుపుకొని ఆయన పని ఆయన చూసుకుంటాడు."

ఆమె ఆ మాట పన్నాగం పన్ని అన్నది కాదు. కడుపుమంట అలా మాట్లాడింది. మిగతా కథను నడిపింది పిచ్చయ్య. జనం లేవబోతుంటే ముసలాయన కళ్ళు మూసుకునే చేతికర్ర అడ్డం పెట్టాడు.

"యాడికి? ప్రార్థన కాలా."

ఉపదేశి గాభరాగా తనే గట్టిగా ఆమేన్ అన్నాడు. ఒక్క గొంతు కూడా జవాబు పలకలేదు. ఆ ఆమేన్ బండ మీద పడి ఒంటరిగా దొర్లిపోయింది.

"అయ్యగారూ, మా కోడలుపిల్ల ప్రార్థనకు మీరు ముడేస్తే ఎట్లా? మేక పోతే పోనియ్యమన్నారు నన్ను. పోయింది. నా మేక పాటి చెయ్యదా ఈ పిల్ల బిడ్డ?" అన్నాడు పిచ్చయ్య.

ఉపదేశి నేర్పిన పాఠమే అతని ఎదురుగా కర్ర పట్టుకుని నిలబడింది.

ఆ విధంగా పల్లె పల్లే ప్రార్థనలో ఉండిపోయింది. ఆకలేస్తే ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ప్రార్థనలో ఉన్నవాడికి కూడా కడుపుంటుందని దేవుడికి తెలుసు కాబట్టి సంకటి తినవచ్చనీ, ఊరి పనికి పోవడం మాత్రం కుదరదనీ పిచ్చయ్యే తీర్పు చెప్పాడు. గుట్ట మీదే గోనెలు కట్టి నీడ చేసుకున్నారు.

ఊళ్ళో మొదట నవ్వుకున్నారు. ఆ నవ్వు మోట బాన పిగిలేదాకానే. పాలేరు గుట్ట కిందికి వచ్చి కేకేశాడు.

"ఒరేయ్ ఇస్సాకూ! బాన పిగిలిందిరా! తోలు కుట్టే ఆరె, దారం తీసుకుని బిన్నె రా!"

ఇస్సాకు కళ్ళు గట్టిగా మూసుకుని పైనుంచే జవాబిచ్చాడు. "ప్రార్థనలో ఉన్నానయ్యా!"

"ఇంకా అవలేదంట్రా నీ ప్రార్థన?"

"మా ఆడది ఆమేన్ అననియ్యందే!"

గుట్ట మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలీసమ్మ నవ్వలేదు. ఆమె చూపు దయామణి పెదవుల మీద ఉంది. చెలమ నీళ్ళు పడితే కక్కుతుంది, పట్టకపోతే నాలుక పిడచకట్టుకుపోతుంది. ఇస్సాకు పక్కన కూర్చుని గొంతు తగ్గించి అన్నాడు.

"ఇంక ఆ మాట అనేసెయ్యే. దిగిపోయి కాళ్ళు పట్టుకుందాం. మళ్ళీ పైనుంచి పోస్తారు. ఉన్న ఒక్కదాన్నీ చంపుకుంటామా?"

ఆమెకు ఆ క్షణంలో మొగుడి మీద కోపం రాలేదు. భయం వేసింది. అతను చెప్పింది నిజమేనేమో, తన పంతానికి బిడ్డ బలైపోతుందేమో అనిపించింది. ఆమేన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అదే నాలుకతో సంతోషానికి "ఊరుకోవే, వస్తాయిలే నీళ్ళు" అని అబద్ధం చెప్పింది. ఆ సంగతి గుర్తొచ్చి పళ్ళు బిగించింది.

తెల్లవారుతుండగా బిడ్డను బండ మీద పడుకోబెట్టి తన చెయ్యి బండకు ఆనిస్తే చేతికి తడి చల్లగా తగిలింది. ఇప్పుడు సిలువ ఉన్నచోట, ఏళ్ళ తరబడి ఎండిపోయి తొండలు కాపురముండే దొనలో, అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. తేట నీళ్ళు. ఎలీసమ్మ కొంగు ముంచి బిడ్డ నోట్లో పిండింది. మళ్ళీ పిండింది. బిడ్డ కక్కలేదు. కాసేపటికి కళ్ళు తెరిచి, కొంగునే పట్టుకుని చీకడం మొదలుపెట్టింది.

పల్లె ఆనందంతో ఘొల్లుమంది. ఉపదేశి బండ మీద సాగిలపడి ఏడ్చాడు. "చూశావా తల్లీ, దేవుడు విన్నాడు! బండలోంచి నీళ్ళిచ్చాడు! ఇప్పుడైనా ఆమేన్ అను!"

అందరూ ఎలీసమ్మ మొహం చూశారు. ఆమె దొనలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. తియ్యగా ఉన్నాయి. ఆ తియ్యదనానికి ఆమె ఒళ్ళంతా భగ్గుమంది. ఆకాశం వైపు తలెత్తి పెట్టిన కేక వాగు ఆవల ఊరిదాకా వినిపించిందని పెద్దలు చెబుతారు.

"ఇన్ని నీళ్ళు నీ కాడ పెట్టుకొని సంతోషానికి ఎందుకు పొయ్యలా?"

దేవుడితో అలా మాట్లాడినదాన్ని పిడుగు కొడుతుందని కొందరు తలలు వంచుకున్నారు. పిడుగు పడలేదు. దొనలో నీళ్ళు ఎండలేదు. ఆ కోపానికి అలగని దేవుడే ఈ గుట్ట మీది దేవుడని భక్తులు నమ్మేది అందుకే.

"ఈ దొన నా ఒక్క బిడ్డ గొంతు తడపను చాలుద్ది. పల్లెకు చాలదు. నేనడిగింది బావి. దొనిచ్చి సరిపెడితే కుదరదు" అని ఆమె ఉపదేశితో అన్నది. ఉపదేశి మోకాళ్ళ మీద నుంచి లేచి, దుమ్ము దులుపుకుని, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఈ గుట్ట మీద నిలబడి ప్రార్థించే ఆచారం ఆ లేవడంతో వచ్చింది.

మునసబు తోటలో తమలపాకు పండుబారింది. ఎండ కన్నెర్ర చేస్తే తట్టుకునే తీగ కాదు అది, తడి తప్పితే చచ్చిపోతుంది. పొరుగూళ్ళ నుంచి బాన తెప్పిద్దామంటే అక్కడి పల్లెవాళ్ళు కూడా ఈ ప్రార్థన సంగతి విని ఆరెలు పక్కన పెట్టేశారు. చివరికి మునసబే గుట్ట ఎక్కాడు. చెప్పులు కాలుతున్న బండ మీద నిలబడి, చెమట తుడుచుకుంటూ పిలిచాడు.

"ఏరా పిచ్చిగా, ఏందిరా ఈ నాటకం? ఆ ఒక్క మాట అనడానికి ఎంతసేపురా మీకు?"

"మాట నా కాడ లేదు దొరా. ఆయమ్మ కాడుంది."

మునసబు ఎలీసమ్మ వైపు తిరిగాడు. ఆడదానితో బేరమాడవలసి వచ్చినందుకు మొహం ఎర్రబడింది. "పాలేరును నీళ్ళు పొయ్యమంటాలే. ముందు మాదిరే. ఇంక దిగండి."

"పోస్తే తాగేది మొక్కలు దొరా. మా కుండ మా చేత్తో ముంచుకుంటాం."

"అది జరగదు."

"అయితే మా ప్రార్థన కూడా జరగదు. ఇంకా మధ్యలో ఉన్నాం. కళ్ళు మూసుకోండ్రా!"

పల్లెంతా టక్కున కళ్ళు మూసుకుంది. మునసబు అన్ని మూసిన కళ్ళ మధ్య ఒక్కడే కళ్ళు తెరుచుకుని నిలబడ్డాడు. తిట్టాడు, బెదిరించాడు. కళ్ళు మూసుకున్న వాళ్ళను కొట్టడానికి వెంట వచ్చిన పాలేళ్ళకు చేతులు రాలేదు. దిగిపోయాడు.

అతను దిగాడు గానీ ఆ బావి నీళ్ళే పారే తోటలున్న మిగతా రైతులు ఊరుకోలేదు. నీ పంతానికి మా తీగలెందుకు చావాలని రచ్చబండ దగ్గర నిలదీశారు. మర్నాడు పాలేరు వచ్చి, ఈసారి ఒరేయ్ అనకుండా, "ఇస్సాకూ, దిగి రండయ్యా. కంచె తీశాం" అన్నాడు.

ఎలీసమ్మ ముందు నడిచింది. చంకలో దయామణి, నెత్తిన కుండ. బావి మెట్లు ఒక్కొక్కటే దిగింది. ఆ మెట్ల నునుపు ఆమెకు తెలియదు, ఆ చల్లదనం తెలియదు, తన మొగుడి కుట్టు ఇన్నేళ్ళుగా చూసిన ఆ నీటి నలుపు తెలియదు. కుండ ముంచింది. బుడబుడమంటూ నిండింది. బిడ్డకు తాగించి, తనూ తాగి, నిండుకుండతో బావిలోంచి పైకి వచ్చి, తిన్నగా గుట్ట ఎక్కింది. పల్లె వెంట నడిచింది. ఇస్సాకు చేతిలో ఆరె ఉంది. కానీ అతను కూడా మోట వైపు చూడకుండా ముందు గుట్టే ఎక్కాడు.

ఆమె కుండను దొనలో వంచి పోసింది. పోసి, తల దించకుండానే అన్నది.

"బావికి ఆమేన్."

పల్లె ఒక్క గొంతుతో "ఆమేన్!" అన్నది. ఆ కేక నుంచే గుట్టకు ఈ పేరు. అందరూ గోనెలు విప్పి దుమ్ము దులుపుకుంటున్నారు. పిచ్చయ్య కళ్ళు తెరిచి, ఎండకు చిట్లించి, "అయిపోయిందా కోడలా?" అని అడిగాడు.

"బావి సంగతి అయిపోయింది మామా. సంతోషం సంగతి ఉంది. ఎందుకు పొయ్యలేదో ఆయన ఇంకా చెప్పలా."

ఖాళీ కుండను బండ మీద, నోరు పైకి పెట్టి, దిగిపోయింది.

ఆ తరువాత ఎలీసమ్మ ముసలిదయ్యేదాకా బతికింది. ప్రతి ఆదివారం గుట్ట ఎక్కి, తన కుండ దగ్గర నిలబడి, అదే ప్రశ్న అడిగి దిగేది. దయామణికి పిల్లలు పుట్టారు, ఆ పిల్లలు బావిలో ఈదారు. అయినా ఆమె ఆ రెండో ఆమేన్ అనలేదు. పోయే ముందు మంచం పక్కన కూర్చున్న కొత్త ఉపదేశి, "ఇప్పుడైనా దేవుడితో సమాధానపడమ్మా" అన్నాడట. "ఆయనతో నాకు తగువు ఉందిగానీ ఎడబాటు లేదు నాయనా. ఎదురుపడి అడుగుతా. జవాబు బాగుంటే ఆడనే ఆమేన్ అంటాలే" అన్నదట. పల్లెవాళ్ళు ఆమెను గుట్ట పాదాన సంతోషం పక్కనే సమాధి చేశారు. ఆమె సమాధి ప్రార్థన చివర కూడా ఎవరూ ఆమేన్ అనలేదు.

అందుచేత ఈ గుట్ట మీద జరిగే ప్రతి ప్రార్థనా ఎలీసమ్మ ప్రార్థనలో భాగమేననీ, ఆనాడు మొదలైనది ఇంకా ముగియలేదనీ భక్తుల విశ్వాసం. ప్రార్థన అంటే మెత్తటి మాటలు చెప్పి మూతి తుడుచుకోవడం అనుకునేవారు ఇంత ఎండలో ఇక్కడికి రానక్కరలేదు. మోటబావి పూడిపోయి చాలాకాలమైంది, ఊరంతటికీ ఇప్పుడు కొళాయిలే. అయినా స్టేజీ దగ్గర టీకొట్టులో చూరుకు వేలాడే ప్లాస్టిక్ గ్లాసులు ఎవరికో, కడిగి బోర్లించిన గాజు గ్లాసులు ఎవరికో బస్సు దిగిన వాళ్ళు గమనించే ఉంటారు. ఆ తేడా పోవాలని పెట్టిన కుండలు కూడా బండ మీద ఉన్నాయి.

మొక్కుకున్నవారు ఖాళీ కుండ తెచ్చి, తమకు కావలసింది ఉన్నదున్నట్టు అడిగి, నోరు పైకి పెట్టి వెళతారు. అడిగినది జరిగినప్పుడు తిరిగి వచ్చి, కుండ నింపి, దొనలో పోసి, బిడ్డకు ఆమేన్, భూమికి ఆమేన్, జైలు నుంచి ఇంటికొచ్చినవాడికి ఆమేన్ అని పేరు పెట్టి చెబుతారు. జ్వరం వచ్చిన పిల్లలకు దొననీళ్ళు కొంగుతో పిండితే తగ్గుతుందని తల్లుల నమ్మకం. జరగనిదాని కుండ అలాగే ఉంటుంది. దాన్ని ఎవరూ తియ్యరు, బోర్లించరు. వాన పడి నిండినా అది జవాబు కింద లెక్కకాదు.

అలవాటు కొద్దీ కొందరు ప్రార్థన చివర ఆమేన్ అనబోతారు. సిలువ దగ్గర ఎప్పుడూ ఒకరిద్దరు పల్లె ముసలమ్మలు కూర్చుని ఉంటారు. వాళ్ళు చెయ్యెత్తి ఆపుతారు.

"ఆగు తల్లీ. అప్పుడే ఏమయిందని?"